షీలానగర్‌లో విమానాల మోతకు ఏ కిటికీ పెట్టించాలి?

విశాఖ ఎయిర్‌పోర్టు దగ్గరి ఫ్లాటు. పడగ్గదికి 4×4 అడుగుల అల్యూమినియం స్లైడింగ్ కిటికీ, 4 ఎంఎం గాజు. పక్కనే ఉన్న నేవీ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా నుంచి ప్రయాణికుల విమానాలే కాదు, నేవీ హెలికాప్టర్లూ ఎగురుతాయి కాబట్టి గుండెలో అదిరే లోస్వరమే (తక్కువ ఫ్రీక్వెన్సీ మోత) ఎక్కువ. స్లైడింగ్ రెక్కల మధ్య బ్రష్ పట్టీలోంచి గాలి దూరుతుంది. గాలి దూరే చోట శబ్దమూ దూరుతుంది, కాబట్టి ఆ ఫ్రేములో ఎంత మందం గాజు వేసినా దండగే.

షాపుల్లో 5-12-5 డబుల్ గ్లాస్ (రెండు 5 ఎంఎం గాజులు, మధ్య 12 ఎంఎం సందు) అంటున్నారు. వేడికి మంచిదే. కానీ రెండు గాజులూ ఒకే మందం, మధ్య సందు 12 ఎంఎం మాత్రమే అయితే రెండూ కలిసి కంపిస్తాయి, లోస్వరం ఆగదు. పాత కిటికీ అలాగే ఉంచి, లోపలివైపు 100 ఎంఎం ఎడంగా 6.38 ఎంఎం లామినేటెడ్ గాజుతో (రెండు గాజుల మధ్య పల్చని ప్లాస్టిక్ పొర అతికించినది), రబ్బరు గాస్కెట్ ఉన్న తలుపు రకం యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ పెట్టించాలని ఆలోచన. గోడ 9 అంగుళాలు, చోటు సరిపోతుంది.

గాజువాక, ఎన్‌ఏడీ వైపు ఇలా చేయించినవాళ్లు దయచేసి చెప్పండి:
ఫ్రేము చుట్టూ సందుల్లో ఫోమ్ ఒక్కటే చాలిందా, పైన సిలికాన్ కూడా వేయించారా?
మన ఉప్పుగాలికి 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు కీళ్లు తుప్పు పట్టాయా, తుప్పును ఇంకా బాగా తట్టుకునే 316 గ్రేడు తప్పదా?
అన్నీ మూసేస్తే ఏసీ గదికి తాజా గాలి ఎలా ఏర్పాటు చేశారు? గోడకు కన్నం పెడితే మోత మళ్లీ అక్కడి నుంచే వస్తుందేమోనని భయం.