316 పోత పార్టు: బోరు కొట్టగానే లోపల గుంటలు బయటపడుతున్నాయి

లేత్_బాలానగర్
అందరికీ నమస్కారం. మాది బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపు. ఒక పంపుల కంపెనీకి 316 స్టెయిన్‌లెస్ పార్టు చేసి ఇస్తాం. ఇన్నాళ్లూ 65 మి.మీ. రాడ్డు కోసి లేత్ మీద తిప్పేవాళ్లం. కోసిన ముక్క 1.3 కిలోలు, చివరికి చేతికొచ్చే పార్టు 340 గ్రాములు. మిగతాదంతా చిప్స్ కింద తూకానికి పోయేది. కడుపు మండి ఈసారి ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్‌కి (మైనం నమూనా మీద సిరామిక్ షెల్ కట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి) వెళ్లాం. మైనం నమూనాలు తీసే డైకి లక్షా పది వేలు అయింది. మొదటి లాట్ 200 పీసులు వచ్చాయి, పైకి చూస్తే ముచ్చటగా ఉన్నాయి. 22 మి.మీ. బోరు కొట్టాక 47 పీసుల్లో లోపల గుంటలు. ఫౌండ్రీ వాళ్లని అడిగితే "పోత అన్నాక ఆ మాత్రం ఉంటుంది సార్" అంటున్నారు. ఇది చాలదన్నట్టు కస్టమర్ ఇన్‌స్పెక్టర్ అయస్కాంతం పెట్టి చూశాడు. కొంచెం లాగింది. 316ని అయస్కాంతం లాగకూడదు, అసలు ఇది 316 కాదంటున్నాడు. ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

రాజ్‌కోట్_తెలుగోడు
ముందు అయస్కాంతం సంగతి, అది తేలిక. 316కి పోతలో సరిజోడు గ్రేడ్ సి.ఎఫ్.8.ఎం. గట్టిపడేటప్పుడు వేడి పగుళ్లు రాకుండా అందులో కొంత ఫెర్రైట్ ఉండేలా కెమిస్ట్రీ చూసుకుంటారు. ఆ ఫెర్రైట్ వల్లే అయస్కాంతం కాస్త లాగుతుంది. స్పెక్ట్రో రిపోర్టు (లోహంలో ఏది ఎంత శాతం ఉందో చెప్పేది) తెప్పించి మాలిబ్డినం 2 నుంచి 3 శాతం మధ్య ఉందో లేదో చూడండి. ఉంటే ఇన్‌స్పెక్టర్ గారికి ఆ కాగితమే చాలు. పనిలో పనిగా హీట్ ట్రీట్‌మెంట్ చార్టు కూడా అడగండి. 1040 డిగ్రీలకు తగ్గకుండా కాచి, నీళ్లలో ముంచి చల్లార్చి ఉండాలి. అది ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారు. తుప్పు పట్టాక గానీ తెలియదు.

ఇక గుంటలు. చెడిన పీసు ఒకటి తీసుకుని గుంట మధ్యలోంచి నిలువునా కోయించండి. గుండ్రంగా, లోపల నున్నగా మెరుస్తుంటే గ్యాస్. గరుకుగా, ఫెర్న్ ఆకు నరాల్లా చీలికలు చీలికలుగా ఉంటే ష్రింకేజ్, అంటే లోహం కుంచించుకుని పడ్డ గుంట. ఏదో తేలకుండా మందు రాయలేం.

చిప్స్_బస్తా
బ్రో, 200 పీసులకి ఈ తలనొప్పి ఎందుకు? రాడ్డుకే పోండి. పార్టులో కనీసం దాగున్న గుంట ఉండదు.

లేత్_బాలానగర్
ఏడాదికి 2,400 పీసులు అన్నా. నెలకి 200 చొప్పున. డై డబ్బులు అయిదు నెలల్లో వెనక్కి వస్తాయని లెక్క వేసుకున్నా. రిజెక్షన్ ఇలాగే ఉంటే మాత్రం ఆ లెక్క గంగలో కలిసినట్టే.

మైనం_గది
నేను పన్నెండేళ్లు వాక్స్, షెల్ సెక్షన్లలో సూపర్‌వైజర్‌గా చేశానండి. మీ గుంటలు మా గదివి కాకపోవచ్చు గానీ, ఒక మాట చెప్తాను. పోతలో ఏ తప్పు కనబడినా అందరూ ఫర్నేస్ వాడి మీద పడతారు. మేము ఒక ఏప్రిల్‌లో నెల రోజులు అలాగే తిట్టుకున్నాం. పోతల మీద సన్నటి రెక్కల్లా లోహం పొడుచుకొచ్చేది. షెల్ పగిలితే ఆ పగుల్లోకి లోహం దూరి అలా వస్తుంది. పోరింగ్ టెంపరేచర్ తగ్గించారు, షెల్‌కి ఇంకో కోటు వేశారు, ఏమీ మారలేదు. చివరికి తేలిందేమిటంటే, మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఆరబెట్టే గదిలో ఏసీ కూడా ఆగిపోతోంది.

షెల్ కోసం మైనం మీద పూసే స్లర్రీ (సిరామిక్ బురద) ఆరుతున్నప్పుడు కుండలో నీళ్లు చల్లబడినట్టు లోపలి మైనం చల్లబడి కుంచించుకుంటుంది. ఆరడం అయ్యాక మళ్లీ గది వేడికి వచ్చి ఉబ్బుతుంది. మైనం ఉబ్బినంత సిరామిక్ ఉబ్బదు కదా, పగులుతుంది. అందుకే గది 22–24 డిగ్రీల మధ్య కదలకుండా ఉండాలి. ఏసీ ఆగి గది 30 దాటితే ఇక చెప్పేదేముంది. మొదటి కోటు తేమలో నెమ్మదిగా ఆరాలి, వెనక కోట్లకి ఫ్యాన్ గాలి తగలాలి. వానాకాలంలో ఇంకో గోల, బయటి తేమ లోపలికి వస్తే వెనక కోట్లు ఎంతకీ ఆరవు. పై పొర ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చి.

మైనం కరిగించే ఆటోక్లేవ్‌లో కూడా ఇదే కథ. తలుపు వేసిన కొన్ని సెకన్లలోనే ఆవిరి 7–8 బార్‌కి చేరాలి. అప్పుడే షెల్‌ని ఆనుకున్న పొర ముందు కరిగి, మిగతా మైనం ఉబ్బడానికి చోటిస్తుంది. మెల్లగా వేడెక్కితే మైనమంతా ఒకేసారి ఉబ్బి షెల్‌ని చీల్చేస్తుంది. బాయిలర్ నీరసంగా ఉన్నచోట ఎంత మంచి స్లర్రీ వాడినా దండగ.

ఆసిఫాబాద్_కుర్రాడు
మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. మా వైపు ఉషెగాం, కేస్లాగూడల్లో ఓజా కళాకారులు చేసే డోక్రా బొమ్మలు కూడా ఇదే పద్ధతి కదా. మట్టి అచ్చు మీద మైనం దారాలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, మైనం కరిగించి ఇత్తడి పోస్తారు. 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. నేను చూసినప్పుడు మొదటి మట్టి పూత నీడలోనే ఆరబెట్టారు. ఎండలో పెట్టండి, త్వరగా అవుతుంది కదా అంటే ముసలాయన నన్ను చూసి నవ్వాడు. ఎందుకో ఇప్పుడర్థమైంది అక్కా.

లేత్_బాలానగర్
కోయించాను. గరుకుగా, చీలికలుగా ఉంది. అంటే ష్రింకేజే. మూడు పీసులు కోస్తే మూడింట్లోనూ ఒకే చోట, బాస్ (బోరు వచ్చే మందపు గడ్డ) మధ్యలో. పార్టు గోడ మందం 3 మి.మీ., బాస్ దగ్గర 18 మి.మీ. గేటు (పార్టులోకి లోహం వచ్చే దారి) గుర్తు పల్చటి గోడ వైపు ఫ్లాట్ ముఖం మీద ఉంది.

రాజ్‌కోట్_తెలుగోడు
దొరికింది దొంగ. గట్టిపడేటప్పుడు లోహం కుంచించుకుంటుంది, ఆ లోటు గేటు ద్వారా వచ్చే లోహంతో నిండాలి. మీ పార్టులో 3 మి.మీ. గోడ ముందే గట్టిపడి దారి మూసేసింది. బాస్ ఇంకా ద్రవంగానే ఉంది, దానికి లోహం అందలేదు. పల్చటి చోట మొదలై, మందపు చోటికి వచ్చి, చివరికి గేటు గట్టిపడాలి. గేటు పల్చటి వైపు ఎందుకు పెట్టారో నాకు తెలుసు. ఫ్లాట్ ముఖం మీదైతే కోయడం, గ్రైండింగ్ సులువు, చెట్టుకి (ఒకేసారి పోయడానికి పీసులన్నీ అతికించే మైనం కాడ) నాలుగు పీసులు ఎక్కువ ఎక్కుతాయి. మేమూ చేస్తాం అప్పుడప్పుడు, అబద్ధం ఎందుకు.

గేటుని బాస్ ముఖం మీదికి మార్చమనండి. ఎలాగూ అది మీరు ఫేసింగ్ చేసే ముఖమే. ఇంకో మాట, ఆ 22 బోరు పోతలో లేకుండా నిండుగా ఎందుకు వదిలారు?

లేత్_బాలానగర్
డ్రాయింగ్‌లో బోరు ±0.05 ఉంది. పోతలో అంత రాదని నిండుగా ఉంచమన్నాను. నేనే చెప్పాను.

రాజ్‌కోట్_తెలుగోడు
అంత రాదు, నిజమే. మా లెక్క 25 మి.మీ.కి సుమారు ±0.13. అందుకని 19–20 మి.మీ. రంధ్రం పోతలోనే వదిలి, మిగతాది మీరు బోరు చేసుకోవాలి. అప్పుడు బాస్ గడ్డలా ఉండదు, గోడలా ఉంటుంది, గుంట పుట్టే చోటే ఉండదు. మీది ఆరపార రంధ్రమే కాబట్టి స్లర్రీ, ఇసుక లోపలికి బాగానే పోతాయి. డైలో ఒక పిన్ను పెడితే సరిపోతుంది, కొత్త డై అక్కర్లేదు. డ్రాయింగ్ ఇచ్చిన రోజే ఫౌండ్రీ వాళ్లు మిమ్మల్ని ఈ ప్రశ్న అడగాల్సింది.

చిప్స్_బస్తా
పిన్ను మార్చాక కూడా కుదరకపోతే? ముందు త్రీడీ ప్రింట్ నమూనాతో పోయించి చూడొచ్చుగా.

మైనం_గది
చూడొచ్చు. కానీ ప్రింట్ రెజిన్ మైనంలా కరిగి కారదు, ఫర్నేస్‌లో కాల్చి పోగొట్టాలి. నిండుగా ప్రింట్ చేస్తే ఉబ్బి షెల్ పగులుతుంది, లోపల బోలుగా చేయించండి. కాలాక బూడిద మిగలకుండా చూసుకోవాలి, లేకపోతే అదే పోతలో మచ్చ అవుతుంది. డై చేతిలో ఉన్నప్పుడు ఆ ఖర్చు ఎందుకండీ? పిన్ను పెట్టించి, రెండు మూడు చెట్లు పోయిస్తే తెలిసిపోతుంది.

లేత్_బాలానగర్
ఫౌండ్రీకి వెళ్లొచ్చా. మొదట ఒప్పుకోలేదు. కోసిన ముక్కలు టేబుల్ మీద పెడితే వాళ్ల పెద్దాయన అయిదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గేటు మారుస్తామన్నాడు. పిన్ను ఖర్చు చెరి సగం. 47 పీసుల డబ్బుల మాట మాత్రం ఎత్తనివ్వలేదు. స్పెక్ట్రోలో మాలిబ్డినం 2.2 వచ్చింది, ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టాడు. హీట్ ట్రీట్‌మెంట్ చార్టు అడిగితే "రేపు పంపిస్తాం" అన్నారు. ఇప్పటికి మూడు రేపులు అయ్యాయి.

రాజ్‌కోట్_తెలుగోడు
ఆ చార్టు వచ్చేదాకా మిగిలిన 153 పీసులు బయటికి పంపకండి తమ్ముడూ.