లైనక్స్ మింట్‌లో ఆఫీస్ 2010 వేశాను, తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి, సాయం చేయండి
నమస్కారం అండీ. మా నాన్న ఊళ్లో పాల కేంద్రం నడుపుతారు. ఏ రైతు ఏ పూట ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత, పదిహేను రోజులకు ఎంత ఇవ్వాలి, ఇవన్నీ ఒక ఎక్సెల్ ఫైలులో ఉంటాయి, బిల్లులు తీసే మాక్రో (ఆ పని తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రాం) కూడా అందులోనే ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది, మా పాత ల్యాప్‌టాప్‌లో టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే భద్రతా చిప్) లేదు కాబట్టి విండోస్ 11 కుదరదు, అందుకే విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను.

లిబ్రెఆఫీస్‌లో (ఎక్సెల్ లాంటివి ఉండే ఉచిత ఆఫీస్ ప్రోగ్రాం) ఫైలు తెరుచుకుంటోంది, లెక్కలూ సరిగానే ఉన్నాయి, కానీ మాక్రో బిల్లు ప్రింట్ చేసే లైను దగ్గర ఆగిపోతోంది. తర్వాత వైన్‌లో (లైనక్స్‌లో విండోస్ ప్రోగ్రాంలు నడిపేది) 32 బిట్ ప్రిఫిక్స్, అంటే ఆ ప్రోగ్రాంల కోసం విడి ఫోల్డర్ చేసి, వైన్‌ట్రిక్స్‌తో (వైన్‌లో విండోస్ ఫైళ్లు వేసే సాధనం) రిచ్‌ఎడ్20, ఎంఎస్ఎక్స్ఎంఎల్6 అనే విండోస్ ఫైళ్లు పెట్టి, మా దగ్గరున్న ఆఫీస్ 2010 డిస్క్ ఎక్కించాను. మాక్రో నడిచింది! అయితే రైతుల పేర్లలో ఒత్తులు విడిపోతున్నాయి, లక్ష్మి అన్న పేరు ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. గౌతమి అనే తెలుగు ఫాంట్ పాత విండోస్ నుంచి తెచ్చి ఫాంట్స్ ఫోల్డర్‌లో వేసినా అంతే.

వైన్‌ట్రిక్స్‌లో యూఎస్‌పీ10 (అక్షరాలను, ఒత్తులను కలిపి చూపే విండోస్ ఫైలు) వేసి తెలుగు సరిచేసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేక మాక్రోనే లిబ్రెఆఫీస్ బేసిక్ (లిబ్రెఆఫీస్ సొంత మాక్రో భాష) లోకి మార్చుకోవడం మంచిదా? ర్యామ్ 4 జీబీ మాత్రమే, వర్చువల్ మెషీన్‌లో విండోస్ పెడితే మరీ నెమ్మదిగా ఉంటోంది. వచ్చే బిల్లుకు ఇంకా ఆరు రోజులే ఉంది, పేర్లు తప్పు పడితే రైతులు తీసుకోరు, నాన్న బాగా టెన్షన్ పడుతున్నారు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.