12345678987654321: ఈ అందం సంఖ్యదా, మనం రాసే పద్ధతిదా?

అంకెలపిచ్చి:
తొమ్మిది ఒకట్లను, అంటే 111111111ని దానితోనే గుణిస్తే 12345678987654321 వస్తుంది. 17 అంకెలు, ఎటునుంచి చదివినా అదే, అంకెల మొత్తం 81. గణితంలో ఇది నిజంగా విశేషమేనా, లేక దశాంశ పద్ధతిలో రాస్తున్నాం కాబట్టి అలా కనిపిస్తోందా?

శేషంసున్నా:
నా లెక్కలో అది రాతకు సంబంధించిన సంగతే. సంఖ్య సొంత లక్షణం అంటే ఎలా రాసినా మారకూడదు. దీని కారణాంకాలు చూడండి: 3 నాలుగుసార్లు, 37 రెండుసార్లు, 333667 రెండుసార్లు. ఏ ఆధారంలో (అంటే బేస్, మన దశాంశ పద్ధతికి అది 10) రాసినా ఇవి ఇంతే. పాలిండ్రోమ్, అంటే ఎటునుంచి చదివినా ఒకేలా ఉండటం, అలా కాదు. ఇది 81తో నిశ్శేషంగా పోతుంది కాబట్టి ఆధారం 9లో రాస్తే చివర రెండు సున్నాలొస్తాయి, మొదట్లో సున్నా ఉండదు, ఇంకేం పాలిండ్రోమ్? పైగా 2 కంటే పెద్ద సంఖ్య ఏదైనా సరే, దానికన్నా ఒకటి తక్కువ ఆధారంలో 11 అవుతుంది. అందరికీ ఉన్నదాన్ని విశేషం అనలేం.

బహుపది:
శేషంసున్నా గారూ, మీరు చెప్పిన ప్రతి లెక్కా కరెక్టే, కానీ ముగింపు మాత్రం ఒప్పుకోను. 10 తీసేసి x పెట్టండి. 1 నుంచి xకి 8వ ఘాతం దాకా ఉన్న తొమ్మిది పదాల బహుపదిని వర్గం చేస్తే గుణకాలు 1, 2, 3 అంటూ 9 దాకా పెరిగి మళ్లీ 1 దాకా తగ్గుతాయి, ఇందులో ఆధారం ప్రసక్తే లేదు. x స్థానంలో 10 పెట్టినా 16 పెట్టినా అదే వరస, ఎందుకంటే 9 అనేది రెండింట్లోనూ ఒక్క అంకెలో ఇమిడిపోతుంది. ఆధారం 9లో ఎనిమిది ఒకట్ల దాకా సాగుతుంది. మనకు పదో ఒకటి చేరగానే మధ్యలో 10 వచ్చి, చిన్నప్పుడు "చేతిలో ఒకటి" అనేవాళ్లమే, ఆ క్యారీ మొదలవుతుంది, వర్గం 1234567900987654321 అయి కూర్చుంటుంది. అంటే ఆధారం నిర్ణయించేది ఈ వరస ఎక్కడ ఆగాలన్నది మాత్రమే.

ఇంకో మాట. 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో 12345654321ని ఒకటితో మొదలై ఆరు దాకా పెరిగి, వరసగా తగ్గే సంఖ్యగా వర్ణించాడు. అది 111111కి వర్గం. ఆ గ్రంథాన్నే మన పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. వాళ్లకు ఇది ఉత్త వేడుక అనుకోవడం నాకు నచ్చదు.

శేషంసున్నా:
అలాగైతే ఆ గుణం బహుపదిది, సంఖ్యది కాదు. నేననేదీ అదే.

బహుపది:
కానీ అక్కడితో ఆగిపోదండీ, అది భాజనీయత దాకా, అంటే ఏ సంఖ్య దేనితో నిశ్శేషంగా పోతుందన్నదాని దాకా వస్తుంది. సరిసంఖ్య అంకెలున్న పాలిండ్రోమ్ ఏదైనా 11తో భాగించబడుతుంది, అందుకే అలాంటి వాటిలో ప్రధాన సంఖ్య 11 ఒక్కటే. వేరే ఆధారంలో ఆధారానికి ఒకటి కలపండి, అదే సిద్ధాంతం పనిచేస్తుంది. భాజనీయత సంఖ్య సొంత లక్షణమని మీరే అన్నారు. మన 17 అంకెలది బేసి కాబట్టి ఆ హామీ లేదు, 11తో భాగిస్తే 1 మిగులుతుంది.