ప్రమాణ స్వీకారంలో 'రాగద్వేషాలు': ద్వేషం సరే, రాగం ఎందుకు వద్దన్నారు?

మంత్రుల ప్రమాణ పాఠం మనందరి చెవుల్లో పడిందే. పేరు చెప్పి "అనే నేను" అని మొదలుపెడతారు, రాజ్యాంగం మీద విశ్వాసం, దేశ సమగ్రత అన్నీ దాటాక "భయం గానీ, పక్షపాతం గానీ, రాగద్వేషాలు గానీ లేకుండా, రాజ్యాంగాన్ని, శాసనాలను అనుసరించి ప్రజలందరికీ న్యాయం చేకూరుస్తానని" అంటారు. దీని మీద గ్రూపులో ఒక చెల్లె అడిగింది: "ద్వేషం లేకుండా అంటే అర్థమైంది సార్. రాగం లేకుండా ఏంది? జనం మీద ప్రేమ ఉండొద్దా?"

మంచి ప్రశ్న. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల వాళ్లం తప్పకుండా ఆలోచించాల్సిన ప్రశ్న కూడా.

రాగం అనే మాట 'రంజ్' ధాతువు నుంచి వచ్చింది. రంగు ఎక్కడం, ఎర్రబడటం దాని అసలు అర్థం. సంధ్యారాగంలో ఉన్నది ఈ రాగమే. రక్తం, రంజకం, అనురక్తి, విరక్తి ఒకే ఇంటి మాటలు. రంగు వదిలించుకున్నవాడు విరాగి. మనం బైరాగి అనేది 'వైరాగి' నుంచే. మనసు దేనికో అంటుకుని ఆ రంగు పట్టేస్తే అది రాగం. పోచంపల్లి, పుట్టపాకల్లో చీర నేసే ముందు దారానికి అక్కడక్కడా గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచుతారు కదా, కట్టు ఉన్నంత మేర రంగు ఎక్కదు. ప్రమాణం మంత్రిని అడుగుతున్నది ఆ కట్టే.

యోగసూత్రాలు ఇంకా కచ్చితంగా చెప్పాయి: "సుఖానుశయీ రాగః", "దుఃఖానుశయీ ద్వేషః". సుఖాన్ని అంటిపెట్టుకుని ఉండేది రాగం, దుఃఖాన్ని అంటిపెట్టుకుని ఉండేది ద్వేషం. రెండింటినీ ఒకే వరుసలో క్లేశాలుగా లెక్కపెట్టారు. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అనలేదు. గీతలోనూ "రాగద్వేషవియుక్తైస్తు" అని రెండూ కలిసే పోవాలన్నారు. ఆ లెక్కన కరుణ, దయ రాగం కావు. చెల్లె అడిగిన ప్రేమకు ప్రమాణం అడ్డు చెప్పడం లేదు, నా వాళ్లు అనే అంటుకోలుకే అడ్డు చెబుతున్నది.

రాజ్యాంగం మూడో షెడ్యూలులోని ఇంగ్లీషు పాఠంలో ఇవి నాలుగు విడి మాటలు. తెలుగులో చివరి రెండూ ఒక సమాసంలో ఒదిగాయి. చేసినవాళ్లు ఎవరో గానీ చక్కగా చేశారు. కాకపోతే వాడుకలో ఈ సమాసానికి ఒక ఇబ్బంది వచ్చిపడింది. "వాళ్ల మధ్య రాగద్వేషాలు ఏం లేవు" అంటే మనకు కొట్లాటలు లేవనే వినిపిస్తుంది. ద్వేషం బరువుకు రాగం వినబడకుండా పోయింది. మంత్రి నోటి వెంట ఆ మాట వచ్చినప్పుడు కూడా, పగ తీర్చుకోను అని చెప్పినట్టే మనం వింటున్నాం. నా వాళ్లకు ఎక్కువ చేయను అన్న సగం గాలిలో పోతున్నది.

మరి మనం ఏం అంటున్నాం? మంత్రివర్గ విస్తరణ అన్న వార్త రాగానే నల్లగొండ హోటళ్లలో, మహబూబ్‌నగర్ బస్టాండులో ఒకటే ముచ్చట: "ఈసారి మన జిల్లాకు ఎన్ని?" 2025 జూన్ 8న మక్తల్ ఎమ్మెల్యే వాకిటి శ్రీహరి మంత్రిగా ప్రమాణం చేసిన రోజు పాలమూరులో వినబడ్డ మాట "మనోడు మంత్రి అయిండు". సంతోషపడటంలో తప్పు లేదు, నేనూ సంతోషపడ్డాను. కానీ ఆ వెంటనే వచ్చే "ఇగ మన పనులైతయి" అన్న మాట దగ్గర ఆగాలి. మనోడు అయినందుకే పని కావాలని అడుగుతున్నామంటే, ఆయన దైవసాక్షిగానో ఆత్మసాక్షిగానో ఇచ్చిన మాటను తప్పమని అడుగుతున్నట్టే. పార్టీ ఏదైనా, మంత్రి ఎవరైనా ఇంతే.

లెక్క కూడా చూడండి. 2003లో వచ్చిన రాజ్యాంగ 91వ సవరణ ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య శాసనసభ సభ్యుల్లో 15 శాతం దాటకూడదు. మన తెలంగాణ సభలో 119 మంది, అందులో 15 శాతం అంటే 17.85, దాన్ని ముఖ్యమంత్రితో కలిపి 18 మందిగా లెక్కపెడతారు. జిల్లాలు 33. మంత్రి ఉన్న జిల్లాకే పనులు అవుతాయి అనుకుంటే, మిగతా జిల్లాల వాళ్లు "ప్రజలందరికీ" అన్న మాటలో ఉన్నట్టా, లేనట్టా?

కింద కామెంట్లలో వచ్చిన ప్రశ్నలకు ఇక్కడే జవాబు రాస్తున్నాను.

మర్రిగూడ తమ్ముడికి: "మా దగ్గర ఫ్లోరైడ్‌తో తరాలు నడుములు వంగిపోయినయి, మంచినీళ్లు అడిగితే అది రాగమా?" అన్నావు. కానే కాదు తమ్ముడూ. అది న్యాయం అడగడం. ప్రమాణంలో "న్యాయం చేకూరుస్తాను" అన్న క్రియ ఉన్నదే అందుకు. పాలమూరు వాళ్లు వలస ఆపడానికి సాగునీళ్లు అడిగినా అంతే. తేడా ఎక్కడంటే, అవసరాన్ని చూసి ఇస్తే న్యాయం, మొహాన్ని చూసి ఇస్తే రాగం. నీ ఊరికి నీళ్లు మంత్రి మనోడు అయినందుకు రావొద్దు, నీ ఊరి నీళ్లలో విషం ఉన్నందుకు రావాలి. మంత్రి ఏ జిల్లా వాడైనా రావాలి.

పైరవీ గురించి అడిగిన అన్నకు: ఫారసీ మాట అన్నా. వెంట నడవడం దాని అర్థం. కోర్టు కచేరీల్లో కేసు వెంట తిరిగి చూసుకోవడాన్ని పైరవీ అనేవారు, అందులో చెడు ఏమీ లేదు. మన దగ్గర అది మంత్రుల ఇళ్ల వెంట తిరగడం అయ్యాక 'పైరవీకారు' తిట్టుగా మారింది. సిఫారసు కూడా ఫారసీదే, కానీ దానికి ఇంకా కొంచెం మర్యాద మిగిలింది.

నిజాం కాలంలో ఎట్లుండేదని అడిగిన సార్‌కు: 1919లో ఏర్పడ్డ కార్యనిర్వాహక మండలిని బాబె హుకూమత్ అనేవారు, దాని పెద్ద సద్రె ఆజం. వాళ్లు జవాబు చెప్పుకోవాల్సింది నిజాంకు, జనానికి కాదు. ఎన్నికైన సభకు జవాబుదారీ అయిన మంత్రివర్గం హైదరాబాద్ రాష్ట్రంలో 1952 మార్చిలో వచ్చింది. దాని ముఖ్యమంత్రి మన పాలమూరు మనిషే, షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల రామకృష్ణారావు. సంస్కృతం, ఫారసీ, ఉర్దూ, తెలుగు అన్నీ చదువుకున్న పండితుడు.

'అంతఃకరణ శుద్ధితో' గురించి: ప్రమాణంలో అందరూ తడబడేది ఇక్కడే. మధ్యలో విసర్గ మింగేసి "అంతకరణ" అంటున్నారు. అంతఃకరణం అంటే లోపలి సాధనం, అంటే మనసు, బుద్ధి, చిత్తం, అహంకారం నాలుగూ కలిపి. విసర్గ పోతే సంస్కృతంలో అది అంతం చేసేది అవుతుంది. ప్రమాణానికి ముందు ఎవరైనా పక్కన కూర్చుని ఒకసారి చదివిస్తే బాగుంటుంది. ఇది ఎగతాళి చేయాల్సిన సంగతి కాదు, నేర్పాల్సిన సంగతి.

ఇదే మాటకు కన్నడంలో దయ, కరుణ అనే అర్థం బాగా వాడుకలో ఉంది. మక్తల్, నారాయణపేట, గద్వాల వైపు రెండు భాషలు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి కదా, మీ ఇళ్లలో తెలుగు మాట్లాడేటప్పుడు కూడా "అంతఃకరణం ఉన్న మనిషి" అని దయగల మనిషిని అంటారా? అంటే ఏ ఊరో, ఏ సందర్భంలో విన్నారో రాయండి.