రేసింగ్ ఆయిల్ డబ్బా, పేటెంట్ మందు సీసా: శుభ్రం చేయడం ఎలా, ఏ కాలానివి?

గాజుబీరువా:
అమెరికాలో చిన్న స్థానిక మ్యూజియం. తొలినాటి మోటార్ రేసుల ప్రదర్శన కోసం ఆముదంతో చేసిన ఇంజన్ ఆయిల్ రేకు డబ్బా వచ్చింది. మూతి చుట్టూ నల్లటి జిగురు గట్టిపడింది, కిరసనాయిలుకు కదల్లేదు. తోడుగా సగం మందున్న పేటెంట్ మందు సీసా, అంటే డాక్టర్ చీటీ లేకుండా కంపెనీ పేరుతో అమ్మిన మందు. కాగితం లేబుల్ మీద ఆల్కహాల్ శాతం, 1906 నాటి అమెరికా ఆహార, మందుల చట్టం పేరుతో ఓ గ్యారంటీ వాక్యం ఉన్నాయి. రెండూ ఓక్ బీరువాలో పెట్టొచ్చా? సీసా కాలం ఏమని రాయాలి?

టంకంపని:
ఆముదం కిరసనాయిలుకు లొంగదండీ. దాంట్లోని కొవ్వు ఆమ్లాల్లో 85-90 శాతం రిసినోలిక్ ఆమ్లమే, అందుకే మిగతా వంటనూనెల్లా కాక ఆల్కహాల్‌లో కరుగుతుంది. పెట్రోలుతో సరిగా కలవదు, వేడికి పొర తెగదు, రేసు ఇంజన్లకు అదే కావాల్సింది. దానికి మూల్యం పిస్టన్ల మీద పేరుకునే బంక.

దూది పుల్లను ఆల్కహాల్ రకమైన ఇథనాల్‌లో ముంచి పిండి, ముందు డబ్బా అడుగున రంగు మీద రుద్ది చూడండి. పుల్లకు రంగు అంటిందా, అచ్చు ఉన్న వైపు ఇక ముట్టుకోవద్దు. మూతి దగ్గర ఉత్త రేకే అయితే తడి దూది ముక్క పెట్టి, పైన పాలిథిన్ కప్పి 10 నిమిషాలు వదలండి. ముదిరిన జిగురు కరగదు, ఉబ్బుతుంది. వెదురు పుల్లతో ఎత్తేయండి. బ్లేడు పెడితే తగరం పూత లేచిపోయి అక్కడే తుప్పు మొదలవుతుంది. కిటికీలు తెరిచి చేయండి, దగ్గర్లో మంట వద్దు.

ఓక్ బీరువా అసలు వద్దు. ఆ చెక్క వదిలే ఎసిటిక్ ఆమ్లం ఆవిరి డబ్బా టంకం అతుకుల్లోని సీసం లోహాన్ని తింటుంది. తెల్లటి పొడి రాలితే అది విషం, ఒట్టి చేత్తో తుడవకండి. పౌడర్ కోటింగ్ ఉక్కు, గాజు మేలు. గాలిలో తేమ రేకుకు 40 శాతం లోపు, కాగితానికి 45-50. ఒకే చోట పెట్టక తప్పదంటే 45 దగ్గర నిలకడగా ఉంచండి. లేబుల్ మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వొద్దు.

బిరడా:
ఆ చట్టం 1907 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆల్కహాల్, మార్ఫిన్, కొకైన్ లాంటివి ఉంటే లేబుల్ మీద చెప్పడం అప్పట్నుంచే తప్పనిసరి. గ్యారంటీ వాక్యాన్ని జనం సర్కారు హామీ అనుకుంటున్నారని 1910ల చివరికల్లా తీసేయించారు. కాబట్టి '1907-1919 ప్రాంతం' అని రాయొచ్చు. గాజు పోసిన మూస వదిలిన గీత సీసా పెదవి మీదిదాకా పాకితే యంత్రం చేసింది, పెదవి కింద ఆగితే మూతి చేత్తో తీర్చింది. అయితే ఆ రోజుల్లో రెండూ నడిచాయి, గీత ఒక్కటే చూసి తేల్చకండి.

బిరడా తీయొద్దు. మందు మట్టం పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, సీసాను అంచున్న ట్రేలో నిలువుగా ఉంచండి.

గాజుబీరువా:
బిరడా కుంచించుకుపోయింది. మైనం పోస్తే?

బిరడా:
వద్దండీ, వేడి మైనం లేబుల్ మీదికి జారితే మళ్లీ తీయలేం. ట్రేనే చాలు. లేబుల్‌లో మార్ఫిన్ పేరుంటే మాత్రం పారబోయకండి, అది నియంత్రిత పదార్థం. ముందు డీఈఏను (అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థను) అడగండి.