హెపటైటిస్ సి మందులు పూర్తయ్యాక మళ్లీ వైరస్: జీనోటైప్ పరీక్ష ఎక్కడ చేస్తారు?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా నాన్నగారికి 58 ఏళ్లు, హెపటైటిస్ సి. ప్రభుత్వ ఉచిత పథకంలో సోఫోస్‌బువిర్, డక్లాటస్‌విర్ 12 వారాలు ఒక్క రోజూ మానకుండా వేసుకున్నారు. కోర్సు ముగిసిన 12 వారాలకు చేయించిన ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో మళ్లీ వైరస్ కనిపించింది, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో) 4.2 లక్షల ఐయూ. ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) 11. కామెర్లు, కాళ్ల వాపు లేవు. నీరసం మాత్రం ఉంది, మధ్యాహ్నానికే మంచం ఎక్కేస్తున్నారు.

ఈ వైరస్‌లో రకాలనే జీనోటైప్‌లు అంటారు. మన దేశంలో ఎక్కువగా కనిపించే జీనోటైప్ 3 కాస్త మొండిది, లివర్ గట్టిపడిన వాళ్లలో మరీనూ. అందుకే రెండో కోర్సుకి ముందే రకం తేల్చుకోవాలని మా టెన్షన్. ఇక్కడా, శ్రీకాకుళంలోనూ ల్యాబుల్లో అడిగాం. వైరల్ లోడ్ వరకే చేస్తామన్నారు.

ఒడిశా ఆధార్‌తో విశాఖలో ఉచితంగా జీనోటైప్ పరీక్ష చేయించుకున్నవాళ్లు ఉంటే, ఎక్కడికి వెళ్లాలో చెప్పగలరా?