అప్‌డేట్: మా చెల్లెలి నెలసరి, సీఆర్‌పీ, చక్కెర గురించి

మా చెల్లెలికి రక్తపరీక్షలో సీఆర్‌పీ (ఒంట్లో వాపు, మంట ఉంటే పెరిగే ప్రొటీన్) కొంచెం ఎక్కువగా, పరగడుపు చక్కెర కూడా కాస్త ఎక్కువగా 108గా వచ్చాయనీ, క్రమం తప్పిన నెలసరికీ వీటికీ సంబంధం ఉందా అనీ ఇదివరకు అడిగాను. తర్వాత అనంతపురంలో ఒక స్త్రీవైద్య నిపుణురాలిని కలిశాము.

రిపోర్టు అందుకోగానే ఆమె ముందు తేదీ చూసి, పరీక్ష చేయించిన ఆ రోజు నెలసరిలో ఎన్నో రోజని అడిగారు. అది రెండవ రోజు. బహిష్టులో గర్భాశయపు లోపొర రాలడమే ఒక రకమైన ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) కనుక, అప్పుడు సీఆర్‌పీ కొంత పెరిగి, ఈస్ట్రోజెన్ హెచ్చుగా ఉండే అండోత్సర్గ సమయానికి తగ్గడం సహజమేనని వివరించారు. కాబట్టి ఆ పరీక్ష మళ్లీ చేయించాలి.

చక్కెరను మాత్రం తేలికగా తీసుకోలేదు. అండోత్సర్గం తర్వాత ఇన్సులిన్ ప్రభావం కాస్త మందగించడం మామూలే గానీ, నెలసరికీ నెలసరికీ మధ్య తరచూ 35 రోజులు దాటుతున్నప్పుడు పీసీఓఎస్‌ను (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) అనుమానించాలన్నారు. ఇన్సులిన్ నిరోధకత (ఒళ్లు ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోవడం) వల్ల రక్తంలో పెరిగిన ఇన్సులిన్ అండాశయాల్లో పురుష హార్మోన్లను పెంచి, అండం విడుదలను అడ్డుకుంటుందట. ఇనుము లోపిస్తే హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే పరీక్ష) ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు కనుక, ఒంట్లో ఇనుము నిల్వ తెలిపే ఫెరిటిన్ పరీక్ష కూడా రాశారు.

"పెళ్లయితే అదే సర్దుకుంటుందిలే" అనే బంధువుల మాట విని ఆగిపోవద్దని ఆడపిల్లలున్న ఇళ్లవారిని వేడుకుంటున్నాను. ప్రస్తుతం రాత్రిపూట సంకటి ముద్ద చిన్నదై, పప్పు, ఆకుకూర పెరిగాయి. భోజనం కాగానే ఇద్దరమూ నడుస్తున్నాము. స్కానింగు వచ్చే వారం.